కందుకూరు ఫైరింజను: 4,500 లీటర్ల లెక్క

సింగరాయకొండలో రైలు దిగి కందుకూరు రోడ్డు పట్టాం. అగ్నిమాపక వారోత్సవాల రోజులు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది గుర్తుగా ఏటా 14 నుంచి 20 దాకా జరుపుతారు. మన వైపు ఆ వారం సరిగ్గా గడ్డివాములు, తాటాకిళ్ళు అంటుకునే కాలంలోనే పడింది.

కందుకూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రం, 1970 దాకా నెల్లూరు జిల్లా. తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ఇక్కడి ఫైరాఫీసు పాత కాగితాలు చూడాలంటే ఏ జిల్లా బీరువా తెరవాలో ముందు తేల్చుకోవాలి! కాగితాల కన్నా పంపులు చెప్పే చరిత్రే నయం.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో బాగా వాడుకలోకి వచ్చింది ట్రైలర్ పంపు. రెండు చక్రాల బండి మీద ఇంజను, పంపు. లారీకి తగిలించి లాగాలి. అందులో చుక్క నీరుండదు, చెరువో దొరువో దొరికితేనే పని. ఆ తర్వాతి వాటర్ టెండర్ నీళ్ళు మోసుకొస్తుంది. మామూలుగా 4,500 లీటర్లు. చెవికి చాలా ఎక్కువనిపిస్తుంది గానీ లెక్క వేస్తే తెలుస్తుంది. చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ప్రెజర్‌తో 12 మిల్లీమీటర్ల నాజిల్ నిమిషానికి 210 లీటర్ల చొప్పున తాగుతుంది, అంటే ఇరవై నిమిషాల పైచిలుకు. అదే 20 మిల్లీమీటర్ల నాజిల్ పెడితే ఏడెనిమిది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. పూరిల్లు కాలుతుంటే చుట్టూ జనం పెద్ద నాజిల్ పెట్టమని కేకలేస్తారు. తొందరపడి పెట్టారా, మంట సగంలో ఉండగానే నీళ్ళు అయిపోతాయి.

ఆ తర్వాత బావే దిక్కు. ఎండాకాలంలో అసలు చిక్కు అక్కడే. పంపు నీటిని లాగదు. లోపలి గాలి తీసేస్తే బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ బరువు నీటిని నెట్టగలిగే ఎత్తుకు హద్దు 10.3 మీటర్లు, ఆచరణలో 7 మీటర్లు దాటితే కష్టం. బావిలో నీరు ముప్పై అడుగుల్లో ఉంటే ఎంత పెద్ద ఇంజనైనా దండగే. నీరు పైనే ఉన్నా, బావిలోకి దించే సక్షన్ పైపు జాయింట్లో రబ్బరు వాషర్ ఎండి పగిలితే గాలి దూరి పంపు పట్టదు. ఆ పైపు చివరి జాలీ నీటిలో బాగా మునగకపోయినా సుడి తిరిగి గాలి పీల్చేస్తుంది. అందుకే 101కి ఫోన్ చేసేవాళ్ళు ఊరి పేరుతో పాటు దగ్గర్లో నిండు చెరువుందా, ఓవర్‌హెడ్ ట్యాంకు ఉందా చెబితే మంచిది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన మంట పొగాకు బ్యారన్ది, అంటే పచ్చాకును పొయ్యి వేడితో ఎండబెట్టే కొట్టుది. ఆకు పసుపెక్కేటప్పుడు లోపల 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది, భయం లేదు. చివర్లో ఈనె ఎండబెట్టడానికి 70 దాటిస్తారు. అప్పటికి ఆకు పెళపెళలాడుతుంటుంది. కర్ర నుంచి ఒక్క ఆకు జారి పొయ్యి వేడిని లోపలికి తెచ్చే, ఎర్రగా కాలిన రేకు గొట్టం మీద పడితే చాలు. గొట్టాల పైన వల కట్టేది అందుకే. అంటుకుందని తెలియగానే తలుపు తెరవడం పెద్ద పొరపాటు. గాలి దూరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. గాలి కంతలు మూసి, పొయ్యిలో కట్టెలు లాగేసి, ఇంజను వచ్చి హోసు సిద్ధమయ్యాకే తలుపు ముట్టాలి.

వాములది ఇంకో తంటా. పైన నీళ్ళు కొడితే గడ్డి మీదుగా జారిపోతాయి, లోపల నిప్పు కణకణమంటూనే ఉంటుంది. కొంకులతో పొర పొరగా లాగి, పరిచి, తడపాలి. మంట కనబడకుండా పోయాక కూడా ఇంజను నీళ్ళకు ఇంకో ట్రిప్పు వేసేది ఇందుకే.