పాత ముక్క, కొత్త ముక్క: రెండో భాగం లెక్క తేలింది

డిసెంబర్‌లోపు ‘సైలెంట్ నైట్, డెడ్లీ నైట్’ అనే హారర్ సినిమాల ఐదు భాగాలూ చూసి, దేంట్లో ఎంత కొత్తగా తీశారో, ఎంత పాతదాన్ని వాడుకున్నారో రాసుకోవాలని కూర్చున్నాను. మూడు పూర్తయ్యాయి. రెండో భాగానికే నాలుగు ఆదివారాలు పట్టింది.

తెలియనివాళ్ల కోసం ముందు కథ. 1984 నవంబర్‌లో వచ్చిన మొదటి సినిమాలో శాంటా వేషం వేసుకున్న కుర్రాడు గొడ్డలితో మనుషుల్ని నరుకుతాడు. అమెరికాలో తల్లిదండ్రులు థియేటర్ల ముందు నిరసనకు దిగారు. దాన్ని విడుదల చేసిన ట్రైస్టార్ సంస్థ ప్రకటనలు ఆపేసి, సినిమానే వెనక్కి తీసుకుంది. పేరు మాత్రం జనం నోళ్లలో ఉండిపోయింది. పాత సినిమానే అటూ ఇటూ కత్తిరించి రెండో భాగంగా వదలాలన్నది నిర్మాతల ఆలోచన. కొంతైనా కొత్తగా తీస్తామని దర్శకుడు లీ హారీ పట్టుబట్టాడు. చేతికొచ్చింది సుమారు రెండున్నర లక్షల డాలర్లు, పది రోజుల షూటింగ్. 1987లో వచ్చిన ఆ 88 నిమిషాల సినిమాలో నలభై నిమిషాల దాకా పాతదే.

మొదటి ఆదివారం: ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని లెక్కపెట్టాను. మధ్యలో ఫోన్ వచ్చింది, సినిమా ఆపాను, స్టాప్‌వాచ్ ఆపలేదు. పూటంతా వృథా. మీరెవరైనా చేస్తే స్టాప్‌వాచ్ వద్దు. ప్లేయర్‌లో కనిపించే టైమ్‌నే సీన్ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి రాసుకోండి. తీసివేత తర్వాత చేసుకోవచ్చు.

రెండో ఆదివారం: మొదటి సినిమాతో పక్కపక్కన పెట్టి పోలిస్తే ఒకే షాట్ రెండింట్లో రెండు నిడివులు వస్తోంది. కత్తిరించారేమో అనుకున్నాను. కాదు. నా దగ్గరున్న డిస్కుల్లో ఒకటి పాల్ (PAL), ఒకటి ఎన్‌టీఎస్‌సీ (NTSC); ఇవి రెండు వేర్వేరు టీవీ పద్ధతులు. పాల్‌లో సెకనుకు 24 ఫ్రేముల సినిమా 25 చొప్పున పరుగెత్తుతుంది. అంటే నలభై నిమిషాలది 38 నిమిషాల 24 సెకన్లకే అయిపోతుంది. పాల్ అంకెల్ని 1.0417తో గుణించాక రెండూ కలిశాయి.

మూడో ఆదివారం నాకు బాగా నచ్చింది. పాత, కొత్త అని రెండు గళ్లు గీసుకున్నాను, సరిపోలేదు. పిచ్చాసుపత్రిలో రికీ, అంటే మొదటి సినిమాలో హంతకుడి తమ్ముడు, డాక్టర్‌కు తన కథ చెబుతుంటాడు, టేప్ రికార్డర్ తిరుగుతుంటుంది. బొమ్మ పాతది, దాని మీద గొంతు కొత్తది. తల్లిదండ్రులు చనిపోయినప్పుడు రికీ చంటిపిల్లాడు, అయినా అంతా కళ్లారా చూసినట్టే చెబుతాడు. వాళ్లకున్న దారి అదొక్కటే: కొత్త గొంతుతో పాత సినిమాను తమ్ముడి కథగా మార్చుకున్నారు. అందుకని ‘పాత బొమ్మ, కొత్త మాట’ అని మూడో గడి కలిపాను. తర్వాత రికీ తన స్నేహితురాలితో థియేటర్‌కు వెళ్తాడు. అక్కడ తెర మీద ఆడేది కూడా మొదటి సినిమా ముక్కలే! దాన్ని పాత గడిలోనే రాసి, పక్కన చుక్క పెట్టాను.

ఏది పాతదో గుర్తుపట్టడానికి నాకు బాగా పనికొచ్చింది మంచు. మొదటిది యూటాలో తీశారు, బయటి సీన్లలో చలి తెలుస్తుంది. రెండోదాంట్లో కాలిఫోర్నియా ఎండ, పచ్చటి గడ్డి. అనాథాశ్రమం పెద్ద సన్యాసిని మదర్ సుపీరియర్ ముఖం ఇంకో గుర్తు. మొదటిదాంట్లో లిలియాన్ షోవాన్, రెండోదాంట్లో జీన్ మిల్లర్. ముఖం నిండా మచ్చల మేకప్ వేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు కాబట్టి మనిషి మారిన సంగతి పట్టుకోవడం కష్టం.

నాలుగో ఆదివారం మొత్తం వీధి సీన్‌కే. ఒకాయన చెత్తడబ్బా బయట పెట్టడానికి వస్తాడు, రికీ ‘గార్బేజ్ డే!’ అని అరిచి కాల్చేస్తాడు. ఇంటర్నెట్‌లో అందరూ నవ్వుకునే ముక్క ఇదే. నేను మాట మ్యూట్ చేసి చూశాను. రికీగా చేసిన ఎరిక్ ఫ్రీమన్ కనుబొమలు ప్రతి వాక్యానికీ పైకి లేస్తాయి, నడకలో తొట్రుపాటు లేదు. అదే వీధిలో కారు పల్టీ కొట్టే స్టంట్ కూడా ఉంది. పది రోజుల షెడ్యూల్‌లో దానికి చోటు చేసుకున్నారంటే ఆ యూనిట్ మీద నాకు గౌరవం పెరిగింది.

మూడో భాగం (1989) లెక్క ఒక్క పూటలో తేలిపోయింది. దర్శకుడు మాంటీ హెల్మన్. ఇందులో రికీగా చేసిన బిల్ మోస్లీ తలకు పారదర్శకమైన టోపీలాంటిది బిగించారు, లోపల మెదడు కనిపిస్తుంది. ఖర్చు పెద్దగా లేని వస్తువే, సినిమా అంతా దాని మీదే నిలబడింది.

నాలుగోది (1990, బ్రయాన్ యుజ్నా) వచ్చే ఆదివారం. కథ శాంటాను వదిలేసి పురుగుల వైపు వెళ్తుంది కాబట్టి ‘పాత’ గడి కొట్టేసి, స్క్రీమింగ్ మ్యాడ్ జార్జ్ చేసిన మేకప్ ఎఫెక్టుల కోసం కొత్త గడి గీశాను. ఐదోదాంట్లో (1991) బొమ్మల దుకాణం యజమానిగా నటించింది హాలీవుడ్ నటుడు మిక్కీ రూనీ. 1984లో మొదటి సినిమాను తిట్టినవాళ్లలో ఆయనొకరు. ఆయన సీన్లకు నోట్‌బుక్‌లో రెండు పేజీలు ఖాళీగా వదిలిపెట్టాను.