అసీమ్ గొంతు, అసీమ్ చేతులు

ఆదివారం. రాత్రంతా కురిసిన వానకు ఎంవీపీ కాలనీ రైతుబజారు బురదబురదగా ఉంది. వంకాయలు, కొత్తిమీర తీసుకుని త్వరగా ఇంటికి వచ్చేశాను. మధ్యాహ్నం వరకు రాసుకోవలసింది ఇంకేమీ లేదు. సాయంత్రం లాసన్స్ బే కాలనీలో అక్కావాళ్లింట్లో జరిగిన వాదనను మాత్రం మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలి.

వాదన ఇండియన్ ఓషన్ అనే ఢిల్లీ రాక్ బృందం గురించి. 2000లో ‘కందీసా’ ఆల్బమ్ వచ్చిన నాటి నుంచి బావ ఆ బృందానికి వీరాభిమాని. స్టీల్‌ప్లాంటు క్వార్టర్లలో ఉన్న రోజుల్లో ఆ క్యాసెట్టును అరిగేదాకా విన్నారు, నాకూ వినిపించారు. రాక్ సంగీతమంటే చెవులు చిల్లులు పడే మోత అనుకునేవాణ్ని. గిటారు రాగంలా సాగుతూ, దాని వెనక తబలా, బేస్, డ్రమ్స్ ఒకే ఊపుతో నడవగలవని ఆ క్యాసెట్టు వల్లే తెలిసింది. మా మేనల్లుడి సంగతి వేరు. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. వాడికి ఈ బృందం పరిచయమైంది 2023లో వచ్చిన ‘తూ హై’ ఆల్బమ్‌తో. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగి పాత పాటల్లోకి వెళ్తున్నాడు.

“సుస్మిత్ సేన్ వెళ్లిపోయాక అది వేరే బృందంరా. పేరు మార్చుకుని ఉంటే బాగుండేది” అన్నారు బావ, టీ గ్లాసు కింద పెడుతూ.

బృందంలో గిటారు వాయించిన సుస్మిత్ 2013లో విడిపోయారు. ఆ గిటారు నాదాన్ని ప్రేమించినవాళ్లకు ఆ బాధ ఇప్పటికీ పోలేదు, నాకూ పోలేదు. మోత పెంచకుండా, ఒక్కో స్వరాన్నీ నెమ్మదిగా విప్పుతూ వెళ్లే వాయింపు అది. ఇప్పుడు నిఖిల్ రావు వాయించేది ఎలక్ట్రిక్ గిటారు. దాని అంచు పదును వేరు.

మేనల్లుడు తగ్గలేదు. “నాన్నా, 1990లో ఢిల్లీలో సుస్మిత్, అసీమ్ కలిసి మొదలుపెట్టినప్పుడు బేస్ వాయించే రాహుల్ రామ్ లేరు. ఆయన మరుసటి సంవత్సరం చేరారు. డ్రమ్స్ వాయించే అమిత్ కిలం 1994లో వచ్చారు. మీరు విన్న బృందం కూడా మారిన తర్వాతే మీ దాకా వచ్చింది కదా?”

బావ దగ్గర దానికి జవాబు లేదు. అయినా ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లకు పైగా గుండెలో పెట్టుకున్నదాన్ని ఎవరైనా ఒక్క మాటకు ఎలా వదులుకుంటారు?

అప్పటికే కింది వాటాలో ఉండే మృదంగం మాస్టారు పైకి వచ్చి కూర్చున్నారు. ఆయన ఈ బృందం పేరు కూడా వినలేదట. సరే, మాస్టారికి వినిపిద్దామని పాత కచేరీ ఒకటి టీవీలో పెట్టాం. ‘కందీసా’ పాట. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనాగీతం, అరమాయిక్ భాష. మాటలు మా ఎవరికీ అర్థం కావు. మాస్టారు మాత్రం మాటల కోసం చూడలేదు, ముందుకు వంగి తెరనే చూస్తున్నారు.

“తబలా వాయిస్తున్న ఆయనే పాడుతున్నారా?”

“అవును మాస్టారూ, అసీమ్ చక్రవర్తి.”

పాట అయ్యేదాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత చెప్పింది నాకు ఉన్నదున్నట్టు గుర్తుంది. “పాడేవారు ఒకరు, వాయించేవారు ఒకరు అయితే ఒకరి కోసం ఒకరు కాచుకోవాలి. ఇక్కడ ఆ కాచుకోవడం లేదు. దెబ్బ గట్టిగా పడే చోట గొంతు తేలిక చేస్తున్నారు. చెయ్యి ఆగిన చోట స్వరాన్ని చాస్తున్నారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆయన చేతులే చెబుతున్నాయి.”

ఇన్నేళ్లుగా వింటున్నా నాకు తట్టని సంగతి ఇది. అసీమ్ గొంతులో ఏదో ఉంది అనుకునేవాణ్ని. ఆ ఏదో గొంతు ఒక్కదానిలో లేదు, గొంతుకూ చేతులకూ ఉన్న ముడిలో ఉంది. ఇప్పుడు హిమాంశు జోషి పాడతారు, తుహీన్ చక్రవర్తి తబలా వాయిస్తారు. ఒక మనిషి పని ఇద్దరు చేస్తున్నారు. హిమాంశు గొంతు పై స్థాయిలో ఎంతో స్వేచ్ఛగా తిరుగుతుంది, చెయ్యి దానికి కళ్లెం వేయదు. తబలా కూడా పాట కోసం ఆగకుండా తన దారిన పరుగెత్తగలదు. కొత్త పాటలు విశాలంగా వినిపించడానికి, పాతవాటిలోని బిగువు వాటిలో లేకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఆ బిగువు కోసం హిమాంశును తప్పుపట్టడం అన్యాయం. ఆయన మోస్తున్నది ఒక గాయకుడి స్థానం కాదు, ఒక గాయకుడిలో సగం స్థానం. అది మరీ కష్టం.

బావ చాలాసేపు మౌనంగా ఉండి 2010 సంగతి ఎత్తారు. 2009 డిసెంబరు 25న అసీమ్ గుండెపోటుతో పోయారు. ఆ మరుసటి ఏడాది బృందం తమ కొత్త ఆల్బమ్‌ను, సాధన చేసే ఇంటి చిరునామానే పేరుగా పెట్టిన ‘16/330 ఖజూర్ రోడ్’ను, నెలకో పాట చొప్పున అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ పాటల్లో అసీమ్ ఉన్నారు. “నెల తిరిగేసరికి పోయిన మనిషి గొంతు వచ్చేది. నెట్ నుంచి దించుకుని, రాత్రి అందరూ పడుకున్నాక వినేవాణ్ని. ఆఖరి పాట వచ్చిన నెల ఎంత ఖాళీగా అనిపించిందో” అన్నారు. మేనల్లుడు తండ్రి ముఖం చూస్తూ ఉండిపోయాడు. వాడికి ఇది తెలియదు. బావ కోపమంతా సుస్మిత్ వెళ్లిపోయినందుకే అని నేనూ అనుకునేవాణ్ని.

తర్వాత ‘తందాను’ పెట్టాం. 2014 నాటిది, పాటకో అతిథి. శంకర్ మహదేవన్, శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్ లాంటి మహామహులు ఉన్నారు. నాకెందుకో అందులో బృందం అతిథుల వెనక నిలబడినట్టు అనిపిస్తుంది. ‘తూ హై’ అలా కాదు, అది వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడిన పని. బావ అందులో రెండు పాటలు చివరిదాకా విన్నారు.

ఇంకో కచేరీలో అమిత్ కిలం డ్రమ్స్ వదిలి గబ్‌గుబీ అనే జానపద వాద్యాన్ని చేతిలోకి తీసుకోగానే మాస్టారు లేచి టీవీ దగ్గరికి వెళ్లారు. “ఇది మన జముకు కదా!” ఆయనది విజయనగరం వైపు. చంకలో చిన్న వాద్యం ఇరికించుకుని, దాని లోపలి నుంచి వచ్చే తంతిని లాగి పట్టి మీటుతూ, బిగువు మార్చి స్వరాన్ని పెంచుతూ తగ్గిస్తూ కథ చెప్పే జముకులవారిని చిన్నప్పుడు చూశారట. రెండూ ఒకే జాతి వాద్యాలు.

బృందం వారసత్వం అనే మాటకు నాకు అక్కడ అర్థం దొరికింది. నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన రాహుల్ రామ్ ఆ లోయ నుంచి ‘మా రేవా’ తెచ్చుకున్నారు. ‘హిల్లే లే’ గోరఖ్ పాండే రాసిన భోజ్‌పురి పాట. కబీరును తెచ్చి ‘ఝీనీ’ చేశారు. ఎవరి పాటనైనా వాళ్ల గౌరవం వాళ్లకు ఉంచి, తమ తాళంలోకి తెచ్చుకోవడం ఆ బృందానికి మొదటి నుంచీ ఉన్న గుణం. మనుషులు మారినా అది మారలేదు. ‘హిల్లే లే’ వింటుంటే నాకు వంగపండు ప్రసాదరావు గారి పాటలు గుర్తుకొస్తాయి. ఆ పాటలను, ఆ జముకును ఇలా భుజాన వేసుకుని తిరిగే రాక్ బృందం మన విశాఖలోనే పుట్టాలని ఎంత కోరికగా ఉందో! ఆ మాటే పైకి అన్నాను.

మేనల్లుడు వెంటనే లోపలికి వెళ్లి గిటారు తెచ్చాడు. మాస్టారు వాణ్ని ఆగమన్నారు. చేత్తో ఆదితాళం వేస్తూ ‘మా రేవా’ పాడమన్నారు. రెండో ఆవృత్తంలోనే చెయ్యి ఒక దారి, గొంతు ఒక దారి పట్టాయి. మళ్లీ మొదలుపెట్టించారు, మళ్లీ అంతే. బావ సోఫాలోంచే తొడ మీద తాళం అందిస్తూ కూర్చున్నారు. అక్క భోజనానికి రమ్మని పిలిచినా ఎవరూ లేవలేదు.

మంగళవారం నుంచి రోజూ సాయంత్రం కిందికి వస్తానన్నాడు వాడు. గిటారు తెచ్చుకోవచ్చా అని అడిగాడు. కొన్నాళ్లు వట్టి చేతులతోనే రమ్మన్నారు మాస్టారు.