అమ్మ వలిచి పెట్టిన పంపరపనస

కిడ్నీ మార్పిడి అయిన ఏడో నెలలో ఒక రోజు పొద్దున్నే తల పగిలిపోయే నొప్పితో మెలకువ వచ్చింది. బీపీ చూసుకుంటే 170/110. కాసేపాగి మళ్లీ చూశాను, అంతే ఉంది. టెన్షన్ వల్లేమో అనుకుందామంటే, నాలుగు రోజులుగా చేతులు వణుకుతూనే ఉన్నాయి. టీ గ్లాసు పట్టుకుంటే తొణికిపోతోంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. క్రియాటినిన్ అంటే ఏమిటో మా వైపు చదువు రాని ముసలివాళ్లు కూడా చెబుతారు: కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం, అది రక్తంలో పెరిగితే కిడ్నీ సరిగా పనిచేయనట్టే. నాకు కిడ్నీ ఇచ్చింది అమ్మ. అది పోతోందేమోనన్న భయంతో, ఆమెకు మామూలు చెకప్ అని చెప్పి మధ్యాహ్నం రైలుకి విశాఖ వెళ్లాను. మర్నాడు మాత్ర వేసుకోకముందే రక్తం ఇచ్చాను. మార్పిడి తర్వాత రోజూ వేసుకునే టాక్రోలిమస్ అనే మందు రక్తంలో ఎంత ఉందో, అంటే దాని లెవెల్, అలాగే చూడాలి. నాకు 6 నుంచి 8 మధ్య ఉండాలి, 15.4 వచ్చింది. క్రియాటినిన్ 1.2 నుంచి 1.8కి పెరిగింది.

"రిజెక్షనా మేడమ్? ఒళ్లు కిడ్నీని వద్దంటోందా?" అని అడిగాను. డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఒంటి రక్షణ కణాలు కొత్త కిడ్నీ మీద పడకుండా టాక్రోలిమస్ ఆపుతుంది. కానీ అదే మందు రక్తనాళాలను కూడా బిగిస్తుంది. నాళాల లోపలి పొర నుంచి వచ్చి వాటిని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, బిగించే ఎండోథెలిన్ పెరుగుతుంది. కిడ్నీలోని జల్లెడకు రక్తం తెచ్చే సన్న నాళం ముడుచుకుంటుంది, ఉప్పు ఒంట్లోనే నిలిచిపోతుంది. అందుకే బీపీ, అందుకే క్రియాటినిన్. అమ్మ కిడ్నీని కాపాడే మాత్రే ఎక్కువైతే దాని గొంతు నొక్కుతుందన్నమాట. అది విన్నాక చాలాసేపు నాకు మాట రాలేదు.

"కొత్తగా ఏం తిన్నారు?" అన్నారు. ఏమీ లేదన్నాను. తర్వాత గుర్తొచ్చింది, వారం రోజులుగా పెరట్లో పండిన పంపరపనస తింటున్నాను. డిశ్చార్జి కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ వద్దని ఉంది. మా ఊళ్లో ఆ పండు ఎవరు చూశారు? అది పంపరపనస నుంచి పుట్టిన జాతేనట. పేగుల్లో టాక్రోలిమస్‌ని కొంత విరగ్గొట్టే ఎంజైమ్‌ని రెండూ ఆపేస్తాయి, దాంతో మందు రక్తంలోకి ఎక్కువగా చేరిపోతుంది. తెలుగులో 'పంపరపనస' అని ఒక్క మాట రాసి ఉండాల్సింది.

డోసు తగ్గించి, నాళాలు వదులయ్యేందుకు ఆమ్లోడిపిన్ ఇచ్చారు. వారంలో క్రియాటినిన్ దిగకపోతే బయాప్సీ, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష, చేయాలన్నారు. ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు. ఎనిమిదో రోజు లెవెల్ 7.1, క్రియాటినిన్ 1.3 వచ్చాయి. వణుకు తగ్గింది. బీపీ మాత్ర మాత్రం ఇప్పటికీ వేసుకుంటున్నాను, దాంతో సాయంత్రానికి పాదాలు కాస్త వాస్తాయి.

అమ్మకు చెప్పడమే కష్టమైంది. ఆ తొనలు పొర తీసి, గిన్నెలో పెట్టి ఇచ్చింది ఆమే. విని, "చెట్టు కొట్టించేద్దాం నాన్నా" అంది. వద్దన్నాను. ఈ ఏడు కాయలన్నీ చెల్లెలి పిల్లలకు పంపించాం.