కొని, కట్టకుండా ఉంచిన కొండలు

ఏప్రిల్‌లో శాన్ హోసే వెళ్ళాను, అక్కావాళ్ళింటికి. బావ అప్పటికే లిస్ట్ రాసి పెట్టాడు, గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి, యాపిల్ ఆఫీసు, ఔట్‌లెట్ మాల్, అన్నీ ఉన్నాయి. గుడి సరే బావా, మిగతావి వీలుంటే చూద్దాం, నాకు ముందు పోస్ట్ వాళ్ళు కాపాడిన భూములు చూపించు అన్నా. పోస్ట్ అంటే పెనిన్సులా ఓపెన్ స్పేస్ ట్రస్ట్, 1977లో మొదలైన ల్యాండ్ ట్రస్ట్, అంటే భూములు కొని కట్టడాలు రాకుండా కాపాడే సంస్థ. ఇప్పటిదాకా 90 వేల ఎకరాలకి పైగా కాపాడారు, అదీ గజం రేటు వింటేనే కళ్ళు తిరిగే సిలికాన్ వ్యాలీ చుట్టుపక్కల. ఎలా చేశారో చదివాను గానీ కళ్ళతో చూడాలని ఎప్పట్నుంచో కోరిక.

ముందు విండీ హిల్ ఎక్కాం. పేరుకి తగ్గట్టే గాలి, అక్క చున్నీ ఎగిరిపోతుంటే తలకి కట్టేసుకుంది. చెట్టన్నది లేని నున్నటి పచ్చగడ్డి కొండ, ఒక పక్క పసిఫిక్, ఇంకో పక్క శాన్‌ఫ్రాన్సిస్కో బే, దాని ఒడ్డున ఊళ్ళు, ఆఫీసులు, రన్‌వేలు అన్నీ కనిపిస్తాయి. పోస్ట్ వాళ్ళ మొదటి ప్రాజెక్ట్ ఈ కొండే, తర్వాత దీన్ని మిడ్‌పెనిన్సులా రీజనల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్‌కి అప్పజెప్పారు. ఆ డిస్ట్రిక్ట్‌ని 1972లో జనమే ఓటేసి పెట్టుకున్నారు, ప్రాపర్టీ ట్యాక్స్‌లో కొంత దానికి పోతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. భూమి అమ్మకానికి వచ్చిందంటే ఓనర్ ఎన్నాళ్ళని ఆగుతాడు, ప్రభుత్వ సంస్థకేమో బడ్జెట్టు, మీటింగులు, ఓట్లు, అన్నీ అయ్యేసరికి బిల్డర్ వచ్చి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటాడు. అందుకని ట్రస్ట్ ముందు దిగి కొనేస్తుంది, దగ్గర పెట్టుకుని చూసుకుంటుంది, సర్కారు దగ్గర డబ్బు సమకూరాక వాళ్ళకి ఇస్తుంది. హాఫ్ మూన్ బేకి ఉత్తరంగా రాంచో కోరల్ డి టియెర్రా అని ఉంది, 4 వేల ఎకరాల పైమాట, 2001లో పోస్ట్ కొన్నది, నేషనల్ పార్క్ వాళ్ళ చేతికి వెళ్ళింది 2011లో. పదేళ్ళు! ఆ పదేళ్ళూ కాపలా, కంచెలు, ఖర్చు అన్నీ ట్రస్టువే.

ఆ ట్రస్టుని 1987 నుంచి 2011 దాకా నడిపింది ఆడ్రీ రస్ట్ అనే ఆవిడ. నాకు ఆవిడంటే చాలా గౌరవం. 2001లో కోస్ట్ కోసం 20 వేల ఎకరాలు కాపాడతాం, 200 మిలియన్ డాలర్లు సేకరిస్తాం అని ప్రకటించి చేసి చూపించారు. అంత డబ్బు తేవడం గొప్పే, కానీ 24 ఏళ్ళు అదే కుర్చీలో ఉండి, భూమి అమ్మం అంటున్న కుటుంబాలతో మాట చెడకుండా, వాళ్ళ పిల్లలు పెద్దయ్యేదాకా ఓపిక పట్టడం ఉందే, అది ఇంకా గొప్ప అనిపిస్తుంది నాకు. మన దగ్గర ఇలాంటి పనికి ఉత్సాహంగా వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, అన్నేళ్ళు నిలబడడానికి జీతం, ఆఫీసు, ఒక లాయరు ఉన్న సంస్థలే తక్కువ.

కొండ దిగి లా హోండా మీదుగా పెస్కడెరో వచ్చాం. రోడ్డు పక్కన ఆర్టిచోక్ తోటలు, సముద్రం గాలికి ఆకులన్నీ బూడిద రంగులో ఊగుతుంటాయి. ఊళ్ళో ఆర్టిచోక్ సూప్ తాగాం, చిక్కగా బాగుంది, బావ ఇంకో గిన్నె చెప్పాడు. ఈ వైపు పొలాల్లో కొన్నిటికి కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ ఉంది. అదేంటి అని అక్క అడిగితే నాకు ఠక్కున మన శిఖం పట్టాలే గుర్తొచ్చాయి. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) లోపల ఉండే శిఖం భూమికి పట్టా రైతు పేరు మీదే ఉంటుంది, నీళ్ళు తగ్గాక సాగు చేసుకోవచ్చు, కట్టడం మాత్రం కుదరదు. ఈజ్‌మెంట్ కూడా దాదాపు అంతే అక్కా, కాకపోతే ఇక్కడ ఓనరు తనంతట తనే ఆ కట్టుకునే హక్కుని ట్రస్ట్‌కి అమ్మేస్తాడు లేదా దానం చేస్తాడు, భూమి ఎవరి చేతికి మారినా ఆ షరతు శాశ్వతంగా దానితోపాటే పోతుంది, కట్టే హక్కు పోయింది కాబట్టి రేటు తగ్గుతుంది, మామూలు రైతు కొనగలుగుతాడు అని చెప్పా.

తేడా ఎక్కడంటే, ఇక్కడ ఈజ్‌మెంట్ రాసుకున్న ట్రస్ట్ ప్రతి ఏడూ ఆ పొలం చూసి రావాలి. ఫోటోలు తీయాలి, పోయినేటి ఫోటోలతో పోల్చాలి, కొత్త షెడ్డు కనిపిస్తే అడగాలి, వినకపోతే కోర్టుకి వెళ్ళాలి. హైదరాబాద్ పక్కన మా అమీన్‌పూర్ చెరువుని 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా ప్రకటించారు, దేశంలో ఒక చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. మేం వీకెండ్‌లో పక్షులు చూడ్డానికి వెళ్ళేవాళ్ళం ఎంత సంబరపడ్డామో. కానీ ఏడాదికోసారి అదే చోట నిలబడి అదే గట్టుని ఫోటో తీసే మనిషి ఉండాలి కదా, ఉత్తర్వు ఒక్కటే కాపలా కాయదు.

పిజియన్ పాయింట్ లైట్‌హౌస్ దగ్గర ఎక్కువసేపు ఆగలేదు, చలి. లైట్‌హౌస్ పక్కనే వేలర్స్ కోవ్ అనే చోట మోటల్ కడుతుంటే 2000లో పోస్ట్ ఆ స్థలం కొని, లేచిన గోడలు తీసేసింది. ఇప్పుడక్కడ పొదలూ సముద్రం.

మరుసటి రోజు కొయోటీ వ్యాలీ. శాన్ హోసే దక్షిణపు కొసన రెండు కొండల వరసల మధ్య మైదానం, పడమట శాంటా క్రూజ్ కొండలు, తూర్పున డయాబ్లో రేంజ్. బాబ్‌క్యాట్లు, జింకలు, బ్యాడ్జర్లు అటూ ఇటూ దాటాలంటే దారి ఇదే. ఇక్కడ ఒకప్పుడు సిస్కో 20 వేల మంది పనిచేసే క్యాంపస్ ప్లాన్ చేసింది, అది ఆగిపోయాక కూడా గోడౌన్ల ప్రపోజల్స్ వస్తూనే ఉన్నాయి. చివరికి 2019లో సిటీ, పోస్ట్, శాంటా క్లారా వ్యాలీ ఓపెన్ స్పేస్ అథారిటీ కలిసి 937 ఎకరాలు 93.5 మిలియన్లకి కొన్నాయి. సిటీ వాటా 2018లో జనం ఓటేసిన బాండ్ లోంచి వచ్చింది. వాన నీళ్ళు ఆ మైదానంలో ఇంకితే కింద ఊరికి వరద తగ్గుతుందన్న వాదన మీదే ఆ డబ్బు వచ్చింది, జంతువుల కోసం అంటే అంతమంది ఓటేసేవాళ్ళో లేదో.

ట్రెయిల్‌లో ఒక పెద్దాయన కలిశాడు, వలంటీరు. ఆవులు అడ్డంగా నిలబడి ఉంటే కాపాడిన భూమిలో పశువులేంటి అని అడిగా. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పక్కకి తీసి ఒక మొక్క చూపించాడు, వేలెడంత కూడా లేదు, సన్నటి ఆకులు, వాటి మీద నూగు. డ్వార్ఫ్ ప్లాంటెయిన్ అట. ఎదురుగా కొయోటీ రిడ్జ్ మీద ఉండే బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక గొంగళ్ళకి ముఖ్యమైన తిండి ఇదే. అక్కడి సర్పెంటైన్ నేలలో సారం తక్కువ, బయటి గడ్డి బతకదు, ఇది బతుకుతుంది. ఇప్పుడు ఫ్రీవే మీది కార్ల పొగలోని నైట్రోజన్ ఎరువులాగా ఆ నేల మీద పడుతోంది, దాంతో బయటి గడ్డి ఏపుగా పెరిగి మొక్కని కప్పేస్తోంది. ఆవులు ఆ గడ్డి మేస్తేనే మొక్క, మొక్క ఉంటేనే సీతాకోకచిలుక. మేత ఆపేసిన చోట సీతాకోకచిలుకలు లేకుండా పోయాయని చెప్పాడు. మంద ఎప్పుడు తోలాలి, ఎప్పుడు తీయాలి అన్నది కూడా కన్జర్వేషన్ పనేనట. మన గొర్రెల కాపరుల్ని పిలిచి ఇలా ఎవరైనా అడిగారా అనుకున్నా.

శాన్ హోసేలో ఉండే మనవాళ్ళు ఈ కొయోటీ వ్యాలీ ప్రిజర్వ్‌కి తప్పకుండా వెళ్ళండి. పామ్ ఎవెన్యూ చివర గేటు, పార్కింగ్ ఫ్రీ, లూప్ నాలుగు మైళ్ళ దాకా ఉంటుంది, నీడ తక్కువ కాబట్టి పొద్దున్నే బయల్దేరండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, కుక్కల్ని రానివ్వరు. పూలు కావాలంటే మార్చి, ఏప్రిల్. దారిలో గేటు తీస్తే మళ్ళీ గొళ్ళెం పెట్టే వెళ్ళండి, ఆవులున్నాయి.