బ్రాయిలర్ దాణాలో రైస్ డీడీజీఎస్: కలిపి చూసిన లెక్క

ఇది సొంతంగా దాణా కలుపుకునేవాళ్ల కోసం. ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ ఇచ్చిన కోడిపిల్లలను కంపెనీ దాణాతోనే పెంచే పద్ధతిలో, ఉన్నవాళ్లకు బస్తాలో ఏముండాలో కంపెనీయే తేలుస్తుంది.

చిత్తూరు దగ్గరి మా షెడ్డులో సోయా చెక్క ఖర్చు తగ్గించాలని రైస్ డీడీజీఎస్ (డిస్టిలర్స్ డ్రైడ్ గ్రెయిన్స్ విత్ సాల్యుబుల్స్) మొదలుపెట్టాం. ఇథనాల్ ఫ్యాక్టరీలో నూకలను పులియబెడితే పిండిపదార్థం ఇథనాల్‌గా పోతుంది. మిగిలిన ప్రొటీన్, కొవ్వు, పీచు, ఈస్టులను ఆరబెడితే ఈ పొడి వస్తుంది. మొక్కజొన్నదైతే ప్రొటీన్ 26-30 శాతం, బియ్యానిదైతే 40 పైన. అందుకే ఏ గింజతో చేసిందో అడిగాకే బేరం. ఆరబెట్టని తడి సరుకు చౌకే గానీ, మన ఎండకు రెండు మూడు రోజుల్లో పులిసి బూజు పడుతుంది.

లోడు దిగేటప్పుడు మొదట చూసేది రంగు. లేత గోధుమ రంగు, పులిసిన కమ్మని వాసన ఉంటే దించుకుంటాం. కాఫీపొడి రంగు, మాడు వాసన ఉంటే వెనక్కే. డ్రైయర్‌లో వేడెక్కువైతే లైసిన్ (ప్రొటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) చక్కెరలతో అతుక్కుపోయి కోడికి జీర్ణం కాదు. ల్యాబ్ రిపోర్టులో మాత్రం ప్రొటీన్ ఎప్పటిలాగే కనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. తర్వాత పది బస్తాల్లో పైన, మధ్య, అడుగు నుంచి గుప్పెడేసి తీసి, కలిపి, అరకిలో ల్యాబ్‌కు పంపుతాం. తేమ 12 శాతం లోపు ఉండాలి.

ప్రొటీన్ అనుమానంగా ఎక్కువ చూపిస్తే యూరియా కలిపారేమో చూడాలి. చెంచాడు సరుకు నీళ్లలో కలిపి, పచ్చి సోయా గింజల పొడి చిటికెడు వేసి గోరువెచ్చగా ఉంచండి. అమ్మోనియా ఘాటు వస్తే యూరియా ఉన్నట్టే. వేయించిన సోయాతో ఇది పని చేయదు, వేడికి అందులోని ఎంజైమ్ చచ్చిపోతుంది.

అఫ్లాటాక్సిన్ (గింజకు పట్టే బూజు విషం) పరీక్ష తప్పనిసరి. పిండి పోయి సరుకు తగ్గినా విషం తగ్గదు. మొక్కజొన్నలో ఉన్నది డీడీజీఎస్‌లో సుమారు మూడింతలు అవుతుంది.

మొదటి మిక్స్‌లో మేం చేసిన తప్పు, కిలోకు కిలో సోయా తీసేసి ఇది వేయడం. ప్రొటీన్ సరిపోయింది, కోడిపిల్లలు మాత్రం ఎగుడుదిగుడుగా పెరిగాయి. లెక్క ఇదీ: 8 కిలోల రైస్ డీడీజీఎస్ పెట్టి సుమారు ఏడున్నర కిలోల సోయా తీస్తే, క్వింటాలుకు దాదాపు 100 గ్రాముల లైసిన్ లోటు పడుతుంది. అది పూడ్చాలంటే లైసిన్ హెచ్‌సీఎల్ (బయట దొరికే లైసిన్ పొడి) 130-150 గ్రాములు అదనంగా పడాలి. బస్తా రేటు చూసి లాభం అనుకునేముందు ఈ ఖర్చు కూడా కలుపుకోండి.

ఇప్పుడు ఫినిషర్ (చివరి దశ దాణా) 100 కిలోలకు: మొక్కజొన్న 62, సోయా 22, రైస్ డీడీజీఎస్ 8, నూనె 4, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 1.5, సున్నపురాయి పొడి 1.2 కిలోలు. గ్రాముల్లో ఉప్పు 250, తినే సోడా 150, అమైనో ఆమ్లాలైన మెథియోనిన్ 220, లైసిన్ 350, థ్రియోనిన్ 80, ఎంజైమ్‌తో సహా ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) 250. ప్రొటీన్ 19 శాతం పైన, శక్తి కిలోకు 3100 కిలో కేలరీల దగ్గర వస్తుంది. మొదటి రోజుల దాణా ప్రీ స్టార్టర్‌లో అసలు వేయం, దాని తర్వాతి స్టార్టర్‌లో 4 కిలోలు దాటం. పీచు ఎక్కువ కాబట్టి చిన్న కోడిపిల్లల పేగు తట్టుకోదు.

గ్రాముల సరుకంతా ముందు ఐదు కిలోల మొక్కజొన్న పిండిలో కలిపి, తర్వాత మిక్సర్‌లో వేసి పది నిమిషాలు తిప్పి, నూనె చివర్లో పోస్తాం. నూనె ముందే పోస్తే డీడీజీఎస్ ముద్దలు కడుతుంది. దాణా మార్చడం మూడు రోజుల్లో: నాలుగో వంతు, సగం, ముప్పావు.

లిట్టర్ (షెడ్డులో కోళ్ల కింద పరిచే పొట్టు) తడిగా మారితే నీళ్ల నిపుల్స్ కారుతున్నాయేమో మొదట చూడండి. అవి బాగుంటే సోడియం అనుమానించాలి. డీడీజీఎస్‌లో లోడుకీ లోడుకీ అది మారుతుంది, దాన్నిబట్టి ఉప్పు తగ్గించాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ మూడు నెలలూ మూడు వారాలకు మించి నిల్వ పెట్టం. బస్తాలు చెక్కలమీద, గోడకు అడుగు దూరంలో. బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే ఆ బస్తా పక్కన పెట్టేయడమే.