సీసా నిండుగానే ఇంటికొచ్చింది

ఆ ఆదివారం సాయంత్రం సైకిల్‌కు ఉన్న రెండు నీళ్ల సీసాలు తీసి కడగబోతుంటే మా అత్తమ్మ చూసింది. ఒకదాని మూత కూడా తియ్యలేదు. రెండోదాంట్లో సగానికి పైనే ఉన్నాయి. "ఏంది బిడ్డా, రామప్ప దాకా పొయ్యొచ్చినవ్, నీళ్లు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నయి?" అంది. "దూప కాలేదత్తమ్మా" అన్నాను. అది అబద్ధం. దూప బాగా అయింది. ఆ అబద్ధం చివరికి నా కిడ్నీల మీదికి తెచ్చింది. మొన్నటి పరీక్షలో, కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ మామూలుగా 1.0 వచ్చింది కాబట్టి ఇప్పుడు కూర్చుని ఇదంతా రాయగలుగుతున్నాను.

నాకు 44 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. రెండేళ్ల క్రితం హనుమకొండలో సైక్లింగ్ క్లబ్‌లో చేరాను. ఆదివారం పొద్దున ఐదింటికి అదాలత్ సెంటర్లో అమరవీరుల స్తూపం దగ్గర కలుస్తాం. ఒక వారం ధర్మసాగర్ చెరువు, ఒక వారం కాజీపేట మీదుగా, ఒక వారం ఖిలా వరంగల్. కోట తోరణాల మధ్య సూర్యుడు వచ్చే వేళకు అక్కడ ఉండటం అంటే నాకు ప్రాణం. ముప్పై, నలభై కిలోమీటర్లు, దారిలో ఎక్కడో ఇడ్లీ, తొమ్మిదింటికల్లా ఇల్లు. వారమంతా పిల్లలు, పరీక్షలు, ఇంటిపని. ఆ నాలుగు గంటలు మాత్రం నావి. ఇరవై మందికి పైగా ఉంటాం, ఆడవాళ్లం ముగ్గురమే. ముందు కెప్టెన్, చివర స్వీప్. స్వీప్ అంటే ఎవరూ వెనకబడి ఒంటరి కాకుండా అందరికన్నా వెనక వచ్చే మనిషి. మా స్వీప్ కాజీపేటలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. "నువ్వు ఎంత మెల్లగ తొక్కితే నేను అంత మెల్లగ వస్త బిడ్డా, రంది పడకు" అనేవాడు.

మార్చి చివర్లో రామప్ప రైడ్ పెట్టారు. పాలంపేట రామలింగేశ్వరుడి గుడి కదా, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి మా అందరికీ సైకిల్ మీద పోవాలని కోరిక. రానూపోనూ 140 కిలోమీటర్ల దాకా. నేను అంతకుముందు ఒక్కసారే 60 దాటాను. పైగా పది రోజుల క్రితమే వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. ఒంట్లో ఇంకా నీరసం ఉంది. పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్ డ్యూటీ వల్ల నిద్ర కూడా సరిగా లేదు. అయినా పేరు ఇచ్చాను.

ఇక నీళ్ల సంగతి. మగవాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు కానీ చదివే ఆడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. బయటికి పోయే రోజు నీళ్లు తాగం. బడిలో చేరినప్పటి నుంచి, అంటే ఇరవై ఏళ్లుగా, నాది అదే అలవాటు. మొదట పోస్టింగ్ వచ్చిన ఊరి బడిలో టాయిలెట్‌కు తలుపు లేదు. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా ఒక్క గ్లాసు నీళ్లు. తర్వాత బడి మారింది, తలుపు వచ్చింది, అలవాటు మాత్రం పోలేదు. రైడ్‌లో ఇరవై మంది మగవాళ్ల మధ్య "ఆగండి, నాకు వాష్‌రూమ్ కావాలి" అని ఎట్లా అంటాం? వాళ్లు రోడ్డు పక్కన చెట్టు చాటుకు పోతారు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకుంటాం.

పోయేటప్పుడు బాగానే ఉంది. చీకట్లో ఎర్ర లైట్లు వరసగా, ఆత్మకూరు దాటేసరికి తెల్లవారింది. కటాక్షపూర్ చెరువు మీద నుంచి చల్లగాలి. గట్టమ్మ దగ్గర అందరం ఆగి దండం పెట్టుకున్నాం. మేడారం పోయే వాళ్లు ముందు ఆమెను తలుచుకోకుండా పోరు, మేమూ అంతే. రామప్పలో ఫోటోలు, ఉప్మా, చాయ. తిరుగు ప్రయాణం మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఎండ మొదలైంది. జాకారం దగ్గర తొడలు పట్టేశాయి. మల్లంపల్లి దగ్గర ఎవరో నొప్పి గోలీ ఇచ్చారు. గంట తర్వాత ఇంకోటి నేనే అడిగి తీసుకున్నాను. రెండూ గుక్కెడు నీళ్లతో. స్వీప్ పెద్దాయన రెండుసార్లు అన్నాడు, "బండి పిలిపిస్త బిడ్డా, సైకిల్ ఎక్కిద్దాం" అని. వద్దన్నాను. ఆడవాళ్లు మధ్యలో ఆగిపోయారు అనిపించుకోవద్దని. ఆ పంతం ఎంత ఖరీదైందో తర్వాత తెలిసింది.

ఆ రాత్రి మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. చిక్కటి నల్ల చాయ రంగు. తొడలు రాళ్లలాగా గట్టిపడ్డాయి, మెట్టు దిగలేను. సోమవారం పొద్దున మా వీధి చివర క్లినిక్‌కు పోయాం. ఆ డాక్టర్‌కు అంతా చెప్పాను, రంగుతో సహా. ఆయన తల ఎత్తలేదు. "ఎండకు తిరిగితే వేడి చెయ్యక ఏం చేస్తదమ్మా" అని నడుముకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిచి, అదే గోలీలు ఐదు రోజులకు రాశాడు. మూత్ర పరీక్ష రాయలేదు. రక్త పరీక్ష రాయలేదు. కండలు దెబ్బతిని, ఒంట్లో నీళ్లు లేక కిడ్నీలు నలుగుతున్న మనిషికి ఇవ్వకూడని మందు అదే. ఆ సంగతి నాకు తెలియకపోవచ్చు. ఆయనకు తెలియాలి. నాకు ఇప్పటికీ ఆ క్లినిక్ ముందు నుంచి పోతుంటే ఒళ్లు మండుతుంది. మనసులో కూడా క్షమించలేదు, క్షమించినట్టు రాయను.

ఇంట్లో అత్తమ్మ అది పచ్చకామెర్లే అంది. పసరు పోసే ఆయన దగ్గరికి మంగళవారం పొద్దున తీసుకుపోవాలని నిర్ణయమైపోయింది. మా ఆయన కూడా సరే అన్నాడు. మధ్యాహ్నం నుంచి మూత్రం రావడమే ఆగిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఫోన్ వచ్చింది. మా క్లబ్‌లోనే ఉండే అమ్మాయి, ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. రైడ్‌లో నేను కుంటుతూ దిగడం చూసిందట. కాళ్లెట్లా ఉన్నాయని అడిగి, వెంటనే అంది: "అక్కా, మూత్రం ఏ రంగులో వస్తోంది?"

ఆ ప్రశ్న నన్ను బతికించింది. చెప్పాను. రెండు క్షణాలు మాట్లాడలేదు. "బావగారికి ఫోన్ ఇయ్యి" అంది. ఆయనతో ఏం చెప్పిందో నాకు తెలియదు. అరగంటలో ఆస్పత్రిలో ఉన్నాం, ఆమె మాకన్నా ముందే గేటు దగ్గర నిలబడి ఉంది.

ఆ జబ్బు పేరు రాబ్డోమయోలైసిస్. మితిమీరిన శ్రమతో కండరాలు చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను మూసేస్తుంది. జ్వరం నీరసం, ఎండ, నీళ్లు లేకపోవడం, నొప్పి గోలీలు, అన్నీ కలిసి పని పూర్తి చేశాయి. కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీపీకే అనే పరీక్ష మామూలుగా 200 లోపు ఉండాలి. నాకు 80,000 దాటింది. క్రియాటినిన్ 4.2. వీటికన్నా భయపెట్టింది పొటాషియం. 5 దాటకూడదు, నాకు 6.8.

రాత్రి పన్నెండు దాటాక ఐసీయూలో నాకు మెలకువ ఉంది. డాక్టర్ తలుపు దగ్గర మా ఆయనతో మెల్లగా మాట్లాడుతున్నాడు. "గుండె ఎప్పుడైనా ఆగొచ్చు. హైదరాబాద్ తీసుకుపోతామంటే దారిలో నేను గ్యారంటీ ఇవ్వలేను." ఆ మాట నాకు వినపడుతుందని వాళ్లనుకోలేదు. మానిటర్ మీద గీత మొనదేలి గుడారాల వరసలాగా పోతోంది. ఏదో ఇంజెక్షన్ గుండెకు రక్షణగా అని, ఇంకోటి గ్లూకోజ్‌తో ఇన్సులిన్ అని చెప్పి ఎక్కిస్తున్నారు. అప్పుడే వచ్చిన డ్యూటీ డాక్టర్, కుర్రాడు, కేస్ షీట్ చదివి నవ్వాడు. "సైకిల్ తొక్కి కిడ్నీలు పోగొట్టుకున్నరా మేడమ్? ఈ వయసుల ఇంట్ల పనేం లేదా?" అన్నాడు. పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు.

నా గుండె ఆగుతుందో లేదో తెలియని సమయం అది. నాకు ఒక ఇల్లుంది, ఒక బడి ఉంది, ఇంటర్ చదివే కొడుకు, తొమ్మిదో తరగతి బిడ్డ ఉన్నారు. పని లేక తొక్కలేదు. పని ఎక్కువై తొక్కాను. అవన్నీ చెప్పడానికి నోట్లో తడి లేదు. కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుస్తానో లేదో అని భయం. నిద్ర పోకుండా ఉండటానికి ఆ దారిలో ఊళ్లు ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఆరెపల్లి, గుడెప్పాడ్, ఆత్మకూరు, నీరుకుల్ల, కటాక్షపూర్, మల్లంపల్లి, జాకారం, గట్టమ్మ. గట్టమ్మ దగ్గర ఆగి దండం పెట్టుకుని, మళ్లీ ఆరెపల్లి నుంచి. ఎన్నిసార్లు పోయొచ్చానో లెక్క లేదు. తెల్లవారి నాలుగింటికి ఒక ఆయమ్మ వచ్చి తడి గుడ్డతో నా పెదాలు తుడిచింది. "పొటాషియం దిగిందంట తల్లీ, పండుకో" అంది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఆ కుర్ర డాక్టర్ పేరు మాత్రం గుర్తుంది, రాయను.

తర్వాతి రోజుల సంగతి తొందరగా చెబుతాను. మెడలో గొట్టం, నాలుగుసార్లు డయాలసిస్, పన్నెండు రోజులు ఆస్పత్రి. ఆరో రోజు మూత్రం మళ్లీ మొదలైనప్పుడు నర్సులందరూ వచ్చి కొలత పాత్ర చూసి సంతోషపడ్డారు. జీవితంలో మొదటిసారి ఆ విషయంలో నాకు సిగ్గు వెయ్యలేదు.

ఒక్క సంగతి మాత్రం తొందరగా దాటలేను. అందరూ వచ్చి ఒకే మాట: నీళ్లు తాగాలి కదా, చదువుకున్న దానివి. మా ఆడబిడ్డ అంది, తోటి టీచర్లు అన్నారు, మా ఆయన రోజుకు పదిసార్లు అన్నాడు. నాలుగో రోజు కిడ్నీ డాక్టర్ స్టూల్ లాక్కుని కూర్చుని, "సరే, తాగలేదు. ఎందుకు తాగలేదమ్మా?" అన్నాడు. నేను మొదటిసారి నిజం చెప్పాను. బడి సంగతి, తలుపు సంగతి, రైడ్‌లో చెట్ల సంగతి. ఆయన మెల్లగా తల ఊపి, వేసవిలో తన దగ్గరికి ఆడవాళ్లు మూత్రం ఇన్‌ఫెక్షన్లతో, రాళ్లతో ఎందుకొస్తారో నాకు చెప్పాడు. మా ఆయన మంచం పక్కనే నిలబడి అంతా విన్నాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆయనకు ఈ సంగతి తెలియదు. బయటికి పోయి వరండాలో చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చాక ఇంకెప్పుడూ ఆ మాట అనలేదు.

అత్తమ్మ నాకు తెలియకుండా మేడారంలో సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కింది. మేడారంలో బంగారం అంటే బెల్లమే. నా బరువు 57 కిలోలు, అంత బెల్లం. ఇంటికొచ్చిన నెలకు మొక్కు తీర్చాం. డయాలసిస్ మెషీన్ బతికించిందా, తల్లి బతికించిందా అని నన్ను అడిగితే, ఆ అమ్మాయి ఆ సాయంత్రం ఆ సమయానికే ఫోన్ చెయ్యాలని ఎవరు తోయించారో నేను చెప్పలేను. గద్దె ముందు బెల్లం పెట్టి ఏడ్చాను.

క్లబ్ అని కాదు, జిమ్ కానీ, పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీస్ చేసే పిల్లలు కానీ, ఒక మాట వినండి. బాగా శ్రమపడ్డ తర్వాత మూత్రం చాయ రంగులోనో, కోలా రంగులోనో వస్తే తెల్లారేదాకా ఆగకండి. సీపీకే, క్రియాటినిన్ పరీక్షలు మీరే అడిగి చేయించుకోండి. నొప్పి గోలీ మింగి తొక్కకండి. జ్వరం వచ్చి తగ్గితే ఒంట్లో బలం పూర్తిగా వచ్చేదాకా పెద్ద రైడ్‌కు పేరు ఇవ్వకండి. దూరం పెంచాలంటే వారం వారం కొంచెం కొంచెమే.

ఆరు నెలల తర్వాత డాక్టర్ ఒప్పుకున్నాక మళ్లీ వెళ్లాను. పెద్ద దూరమేమీ కాదు, గుడెప్పాడ్ దాకా. సీసా నీళ్లు ఆరెపల్లి లోపే అయిపోయాయి. దారిలో పెట్రోల్ బంక్ కనపడగానే, మేం ఆగేటప్పుడు చూపించే గుర్తుగా చెయ్యి పైకెత్తాను. ఇరవై సైకిళ్లు ఆగాయి. "వాష్‌రూమ్‌కు పోవాలి" అని గట్టిగానే అన్నాను. తలుపుకు తాళం ఉంది. బంకులో టాయిలెట్ అందరికీ తెరిచి ఉంచాలన్నది నిబంధన. కెప్టెన్ లోపలికి పోయి మేనేజర్‌తో ఆ మాటే అంటున్నాడు. స్వీప్ పెద్దాయన నా సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. తాళం చెవి వచ్చేసరికి నా వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి వరుసలో నిలబడ్డారు. వాళ్ల సీసాలు చూశాను. రెండూ నిండుగానే ఉన్నాయి.