సాల్వియాలకు రెండో వేసవి

2024 ఫిబ్రవరిలో విత్తిన సాల్వియా పూల మొక్కలు రెండో వేసవి దాటేస్తున్నాయి. మొన్న ఆదివారం లెక్క చూసుకున్నాను. నేలలో నాటినవి పంతొమ్మిది, ఉన్నవి పద్నాలుగు.

మేముండేది కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో. వానలు చాలావరకు నవంబరు నుంచి మార్చి లోపలే, ఏడాది మొత్తానికి సుమారు 15 అంగుళాలు. మే నుంచి అక్టోబరు దాకా దాదాపు చినుకుండదు. హైదరాబాదులో చలికాలం ఎర్ర సాల్వియా కుండీలు కొనడం, ఎండలు ముదిరితే పీకి పారేయడం చూస్తూ పెరిగినదాన్ని. పుట్టిల్లు బ్రెజిల్‌లో అదీ ఏళ్ల తరబడి బతికే మొక్కేనని తెలిశాక మనసు చివుక్కుమంది. అందుకే ఈసారి పీకక్కర్లేని సాల్వియా రకాలే పెంచాలనుకున్నాను: నీలం పూల ఫారినేసియా, ఎర్ర కాక్సీనియా, శాన్ డియేగో వైపు కొండల్లో పుట్టిన క్లీవ్‌లాండీ.

ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) సగం సగం. గింజల మీద మట్టి కప్పలేదు, వాటికి వెలుతురు తగలాలి. తడి తగిలితే సబ్జా గింజల్లాగే చుట్టూ జిగురు కడతాయి (చియా కూడా సాల్వియానే). పైనుంచి నీళ్లు చల్లితే అన్నీ జారి ఒక మూలకు చేరతాయి. ట్రేని నీళ్ల పళ్లెంలో అరగంట ఉంచి, కిందనుంచి పీల్చుకోనిచ్చాను. కాక్సీనియా వారానికి మొలిచింది, ఫారినేసియా పదకొండు రోజులకు. క్లీవ్‌లాండీ ఇరవై గింజల్లో ఆరే మొలిచాయి, అవీ నాలుగో వారంలో. మొలిచాక కూడా ప్లాస్టిక్ మూత తీయకపోవడంతో ఒకటి నారుకుళ్లుకు పోయింది. మొలక కనబడిన రోజే మూత తీసేయాలి.

మూడు జతల ఆకులు రాగానే తల తుంచి, వేసవంతా నాలుగంగుళాల కుండీల్లో ఉంచాను. నవంబరులో తొలి వాన పడ్డాక నేలలో నాటాను. మాది బంక నేల, నీరు ఇంకదు. అందుకని పది అంగుళాల ఎత్తు దిబ్బలు పోసి, మొదళ్ల చుట్టూ కంకర పరిచాను. చోటు చాలక పల్లంలో పెట్టిన ఒక ఫారినేసియా జనవరి వానలకే కుళ్లింది. రెండు కాక్సీనియాలు మంచు పేరుకున్న రాత్రికి మాడి మళ్లీ చిగురించలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టినవి రెండు క్లీవ్‌లాండీలు. జులై ఎండకు ఆకులు ముడుచుకుంటే దాహమనుకుని నాలుగు రోజులు వరసగా సాయంత్రాలు నీళ్లు పట్టాను. ఆకు ముడవడం తడి దాచుకోవడానికి అది చేసుకునే ఏర్పాటు. వేడెక్కిన నేల తడిగా ఉంటే వేరు కుళ్లుతుంది. పీకి చూస్తే వేళ్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి. నీళ్లు పట్టని మిగతా మూడూ వాసన గుప్పుమంటూ నిలబడ్డాయి. క్లీవ్‌లాండీకి నేలలో తొలి వేసవిలో రెండు మూడు వారాలకోసారి, తెల్లవారుజామున, లోతుగా ఒక తడి. అంతకు మించి పెట్టను. ఫారినేసియా మాత్రం వారానికోసారి అడుగుతుంది, కాబట్టి రెండింటినీ ఒకే డ్రిప్ పైపు మీద పెట్టకూడదు.

కాక్సీనియా దగ్గరికి తేనె తాగే బుల్లి పిట్ట హమ్మింగ్‌బర్డ్ రోజూ పొద్దున్నే వస్తోంది. దానికోసమే ఎండిన పూరెమ్మలు కొన్ని కోయకుండా ఆపాను, కింది పూలు ఎండినా కొసన ఇంకా పూస్తున్నాయి. క్లీవ్‌లాండీని అక్టోబరులో మూడో వంతు కత్తిరిస్తాను, ఆకుల్లేని ముదురు కొమ్మ జోలికి పోకుండా. ఎండిన ఒక్కో పూవు అడుగున ఉండే గిన్నెలో నాలుగు దాకా గింజలుంటాయి. నిన్న సాయంత్రం కాగితం పొట్లాల్లోకి దులిపి, పేరూ తేదీ రాసి పెట్టాను.